పద్నాలుగు ఆంప్స్

రాత్రి పన్నెండింటికి నేను చూసినప్పుడు మీటర్లలో ఏడు, ఏడు అని ఉంది. మా సర్వర్ గదిలో ఒక ర్యాక్, దాని ఎడమ పక్క పీడీయూ (సర్వర్లకు కరెంటు పంచే పట్టీ) మీద ఏడు ఆంప్స్, కుడి పక్క పీడీయూ మీద ఏడు. రెండింటికీ వెనక 16 ఆంప్స్ బ్రేకర్లు. ప్రతి సర్వరూ రెండింటి నుంచీ లాగుతుంది కాబట్టి, యూపీఎస్ సర్వీసు కోసం ఎడమ లైను తీసేస్తే మొత్తం కుడి దాని మీద పడుతుంది, పద్నాలుగు. ఇంకా రెండు మిగులు. వేళ్ల మీద చేసే కూడిక. చేశాను, మెయింటెనెన్స్ ఫారం మీద సంతకం పెట్టాను, యూపీఎస్ సర్వీసు కుర్రాళ్లకు "ఇక కానివ్వండి" అన్నాను.

రెండు గంటల ఇరవై నిమిషాలకు ర్యాక్ మొత్తం ఆగిపోయింది.

ఆ గదిలో రోజూ తిరిగేవాళ్లకు ఫ్యాన్ల హోరు చెవికి ఆనదు. అది ఒక్కసారిగా సగమైతే మాత్రం కడుపులో ఏదో జారినట్టుంటుంది. ఆ ర్యాక్‌లో పది హోస్టులు, అంటే అసలు మిషన్లు. ఒక్కోదాని మీద ఇరవై దాకా వీఎంలు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన వర్చువల్ సర్వర్లు. అంటే దగ్గర దగ్గర రెండు వందల సర్వర్లు ఒక్క బ్రేకరుతో పోయాయి. పక్క ర్యాక్‌లో మిగిలిన రెండు హోస్టులు వాటన్నిటినీ లేపబోయి, మెమరీ చాలక చేతులెత్తేశాయి. ముందు వేటిని లేపాలో చూద్దామని, వీటన్నిటినీ నిర్వహించే వీసెంటర్ తెరవబోతే తెరుచుకోలేదు. అదీ ఆ ర్యాక్‌లో వీఎంగానే ఉంది మరి.

ఏం జరిగిందో అర్థమయ్యేసరికి తెల్లారింది. అర్థమయ్యాక సిగ్గేసింది. మా క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే హోస్టుల గుంపులో, డీపీఎం ఆన్‌లో ఉంది. వీఎంలు నడిపే వీఎంవేర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ వీస్ఫియర్‌లో కరెంటు ఆదా చేసే సదుపాయం అది, 2009లో వీస్ఫియర్ 4తో పూర్తి సపోర్టు వచ్చింది. లోడు తగ్గినప్పుడు వీఎంలను కొన్ని హోస్టుల మీదకు సర్దేసి, ఖాళీ అయిన హోస్టులను స్టాండ్‌బైలో పెడుతుంది. లోడు పెరిగితే వాటిని ఐపీఎంఐ లాంటి రిమోట్ కంట్రోల్ దారుల్లో మళ్లీ నిద్రలేపుతుంది. నేను మీటరు చూసే వేళకు పదింటిలో నాలుగు నిద్రపోతున్నాయి. రెండింటికి బ్యాకప్‌లు మొదలయ్యాయి. డీపీఎం తన డ్యూటీ తాను చేసింది, నాలుగింటినీ లేపింది. సర్వరు బూట్ అయ్యేటప్పుడు ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతాయి. మిగతా ఆరూ బ్యాకప్ పనిలో చెమటోడుస్తున్నాయి. అన్నీ కలిసి ఇరవై ఐదు ఆంప్స్ దాకా లాగి ఉంటాయని తర్వాత లెక్క తేలింది. పదహారు ఆంప్స్ బ్రేకరు దాన్ని కొన్ని నిమిషాలు ఓర్చుకుని పడిపోయింది. బ్రేకరు తప్పేమీ లేదు. అసలది ఉన్నది అందుకే.

మా బిల్డింగు పవరు, ఏసీలు చూసే పెద్దాయన ఒకరున్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పొద్దున్నే వచ్చి, బ్రేకరు మీద వేలు పెట్టి అడిగారు.

"అమ్మా, ఇదెంత?"

"పదహారు, సార్."

"ఆగకుండా లాగే లోడు దీని మీద ఎంత పెట్టొచ్చు?"

నేనేం మాట్లాడలేదు.

"ఎనభై శాతం. పన్నెండున్నర దాటితే నేను ఒప్పుకోను. నువ్వు పద్నాలుగు పెట్టావు. సరే, పెట్టావు. ఆ పద్నాలుగు తెల్లారేదాకా పద్నాలుగుగానే ఉంటుందని నీకెవరు చెప్పారు?"

ఈ ఆఖరి ప్రశ్న పాత సర్వర్ల రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. అడగాల్సిన పని లేదు. అప్పట్లో ఒక అప్లికేషన్‌కి ఒక సర్వరు. రోజంతా పది శాతం సీపీయూ కూడా వాడేది కాదు, అయినా కరెంటు మాత్రం దండిగా తాగేది. గూగుల్ ఇంజనీర్లు బరోసో, హోల్జ్‌లే 2007లో రాసిన పేపరులో ఇదే మొత్తుకున్నారు: మంచి సర్వరు కూడా ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు ఫుల్ లోడులో వాడే కరెంటులో దాదాపు సగం వాడేస్తుందని. అది దుబారా, నిజమే. కానీ ఆ దుబారాలో ఒక సుఖం ఉంది. మీటరు మీద ఇవాళ చూసిన అంకె రేపూ అదే. ర్యాకుకు ఒకసారి లెక్క వేసుకుంటే ఏళ్ల తరబడి సరిపోయేది.

వర్చువలైజేషన్, అంటే ఒక్కో హోస్టు మీద బోలెడు వీఎంలు నడపడం, ఆ సుఖాన్ని తీసేసింది. లోడు ఇప్పుడు నడుస్తుంది. వీమోషన్‌తో ఒక వీఎం ఒక హోస్టు మీంచి ఇంకో హోస్టు మీదకు నిమిషంలో పోతుంది, దాంతోపాటు దాని కరెంటూ వేడీ కూడా పోతాయి. వీఎంలను హోస్టుల మధ్య సర్దే డీఆర్ఎస్ రోజంతా ఇదే పనిలో ఉంటుంది. అది చూసేది సీపీయూ, మెమరీ, నెట్‌వర్క్. ఈ హోస్టుకు కరెంటు ఏ బ్రేకరు నుంచి వస్తోంది, దీని ముందు నేలలో ఉన్న రంధ్రాల టైల్లోంచి ఎంత చల్లగాలి వస్తోంది అన్నది దానికి చెప్పినవాడు లేడు. మా కథ మొత్తం ఇక్కడే ఉంది.

ఇక అసలు ఆ పది హోస్టులూ ఒకే ర్యాక్‌లోకి ఎందుకొచ్చాయి? నిజం చెప్పాలంటే కేబుళ్ల కోసం. పది గిగాబిట్ స్విచ్ ఆ ర్యాక్ పైన ఉంది. హోస్టులన్నీ కిందే ఉంటే పొట్టి కేబుళ్లతో పనైపోతుంది, చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది. ఫోటో తీసి గ్రూపులో పెట్టింది కూడా నేనే.

వర్చువలైజేషన్ ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడు మా గదిలో నూట యాభై పాత సర్వర్లు ఉండేవి. అవి పోయి పన్నెండు హోస్టులు, ఒక స్టోరేజ్, కొన్ని మొండి మిషన్లు మిగిలాయి. ఐటీ లోడు 48 కిలోవాట్ల నుంచి 20కి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి నెల రిపోర్టు చూసి మా మేనేజర్ నన్ను పిలిచారు. పీయూఈ 1.92 నుంచి 2.5కి పెరిగింది. "ఇంత చేసింది దీన్ని చెడగొట్టడానికా?"

పీయూఈ అంటే గది మొత్తం వాడిన కరెంటును ఐటీ పరికరాలు వాడిన కరెంటుతో భాగిస్తే వచ్చేది. 2007లో గ్రీన్ గ్రిడ్ అనే సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని లెక్క. మాకు ముందు మొత్తం 92 కిలోవాట్లు, అందులో ఐటీ 48. తర్వాత మొత్తం 50, అందులో ఐటీ 20. బిల్లు దాదాపు సగమైంది, పీయూఈ మాత్రం పాడైంది. ఎందుకంటే మా సర్వర్లు తగ్గాయి గానీ వాటి చుట్టూ ఉన్న సరంజామా తగ్గలేదు. నాలుగు ఏసీ యూనిట్లు, ఒక్కోదానిలో నాలుగు కిలోవాట్ల ఫ్యాన్, స్పీడు మార్చే వీలు లేదు. సర్వర్లు నూట యాభై ఉన్నా పన్నెండే ఉన్నా అవి పదహారు కిలోవాట్లు తింటూనే ఉంటాయి. పైగా ఫ్యాను తిన్న కరెంటు కూడా చివరికి వేడిగా ఆ గదిలోనే తేలుతుంది, దాన్ని చల్లార్చేదీ ఆ ఏసీలే. యూపీఎస్ కథ కూడా అంతే. సగం లోడులో బాగా పనిచేసే యూపీఎస్ ఐదో వంతు లోడుకు దిగితే, దాని సొంత ఖర్చు అలాగే ఉండి, దాని గుండా వెళ్లే కరెంటు మాత్రం తగ్గుతుంది. నలుగురి కోసం కొన్న బస్సులో ఒక్కరే కూర్చుని తిరిగినట్టు అని చెప్పాను మేనేజర్‌కి. "నలుగురికి బస్సు ఎందుకు కొన్నారు?" అన్నారాయన. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజానికి అదే సరైన ప్రశ్న.

పీయూఈ మీద నా అభిప్రాయం అప్పటినుంచీ మారలేదు. ఒక గదిని నిరుటి అదే గదితో పోల్చుకోవడానికి పనికొస్తుంది, అది కూడా ఐటీ లోడు పెద్దగా మారనప్పుడు. వర్చువలైజేషన్ చేసిన ఏడాది దాన్ని పైవాళ్లకు చూపించేటప్పుడు పక్కనే మొత్తం కిలోవాట్లు కూడా చూపించండి. లేకపోతే మంచి పని చేసి తిట్లు తినాల్సి వస్తుంది.

బ్రేకరు గొడవ సద్దుమణిగాక పెద్దాయన నన్ను అదే ర్యాక్ ముందుకు తీసుకెళ్లారు. జేబులోంచి పల్చటి టిష్యూ కాగితం తీసి, సన్నగా చింపి, దాన్ని ర్యాక్ ముందున్న రంధ్రాల టైలు మీద పట్టుకున్నారు. కాగితం కొద్దిగా కదిలింది. తర్వాత వరస చివర, సర్వర్లన్నీ తీసేయగా ఖాళీగా మిగిలిన ర్యాక్ ముందు పట్టుకున్నారు. కాగితం నిట్టనిలువుగా లేచి రెపరెపలాడింది.

"చల్లగాలంతా ఇక్కడుందమ్మా. తీసుకునేవాడే లేడు."

అప్పుడు థర్మామీటర్లు తెచ్చి పది హోస్టుల ర్యాక్ ముందు వైపు మూడు చోట్ల టేపుతో అంటించాం. గంట తర్వాత కింద 19, నడుమ 25, పైన 33 డిగ్రీలు. ఆ అంకెలు చూసి నేను రెండోసారి సిగ్గుపడ్డాను. నా మానిటరింగ్‌లో గది ఉష్ణోగ్రత ఎప్పుడు చూసినా 21, పచ్చ రంగు.

33 ఎందుకొచ్చిందో లెక్క కడితే తేలిగ్గానే తెలుస్తుంది. సర్వరు గుండా పోయే గాలి 11 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, ఒక్కో కిలోవాట్‌కి నిమిషానికి సుమారు 160 ఘనపుటడుగుల గాలి కావాలి. ఆ ర్యాక్ ఐదున్నర కిలోవాట్లు లాగుతోంది, అంటే తొమ్మిది వందలకు కాస్త తక్కువ. టైల్లోంచి వచ్చేది మూడు వందలు. సర్వరు ఫ్యాన్లు ఊరుకుంటాయా? చాలని గాలిని ఎక్కడ దొరికితే అక్కడి నుంచి లాక్కుంటాయి. ర్యాక్ పైనుంచి, పక్కల నుంచి, మధ్యలో ప్యానెల్ పెట్టకుండా వదిలేసిన ఖాళీ స్లాట్ల గుండా వెనక నుంచి. వెనక ఉన్నది వాటి సొంత వేడి గాలే. తను వదిలిన ఊపిరి తనే పీల్చుకుంటున్న సర్వరు అది.

మరి మానిటరింగ్‌లో 21 ఏమిటంటే, మా ఏసీలు కొలిచేది వాటికి తిరిగొచ్చే గాలిని. ఖాళీ ర్యాకుల ముందు లేచిన చల్లగాలి ఎవరినీ తాకకుండా నేరుగా ఏసీ దగ్గరికి తిరిగిపోతోంది. గది చల్లగానే ఉందనుకుని ఏసీ కంప్రెసరును తగ్గించేస్తోంది. ఒక పక్క ర్యాక్ ఉడుకుతుంటే ఇంకో పక్క ఏసీ కునుకు తీస్తోందన్నమాట. ఏసీ ఇంజనీర్ల సంస్థ ఆశ్రే వాళ్లు 2004లో సర్వరులోకి వెళ్లే గాలి 20 నుంచి 25 డిగ్రీలు ఉండాలన్నారు, 2008లో దాన్ని 18 నుంచి 27కి సడలించారు. ఈ అంకెలు చాలామందికి కంఠతా వచ్చు. అవి సర్వరు ముఖం దగ్గరి గాలికి చెప్పినవని, గోడకున్న థర్మోస్టాట్‌కి కాదని మాత్రం మర్చిపోతాం. నేను మర్చిపోయాను.

ఆ మధ్యాహ్నం చేసిన పనికి డబ్బేమీ ఖర్చు కాలేదు. రబ్బరు కప్పుల పిడి తెచ్చి ఖాళీ ర్యాకుల ముందున్న రంధ్రాల టైళ్లు ఎత్తి, వాటి చోట మామూలు టైళ్లు వేశాం. ఎత్తినవాటిని హోస్టుల ముందుకు మార్చాం. ఖాళీ స్లాట్లకు బ్లాంకింగ్ ప్యానెళ్లు బిగించాం. కేబుళ్ల కోసం నేలలో కోసిన కన్నాలకు బ్రష్‌లు పెట్టాం. సాయంత్రానికి పైన 33 కాస్తా 26 అయింది. ప్యానెళ్లు స్టోర్‌రూములో డబ్బాలో మూడేళ్లుగా మూలుగుతున్నాయని కూడా అప్పుడే తెలిసింది.

తర్వాత రెండు ఏసీలు ఆపేశాం. ఒక్కసారిగా కాదు, ఒక్కోటి ఆపి వారం చూసుకుని. ఫ్యాన్ల ఖర్చు పదహారు నుంచి ఎనిమిదికి వచ్చింది. ఆ రెండూ స్టాండ్‌బైలో ఉంటే సరిపోతుందనుకున్నా. ఏడాది తర్వాత ఏసీల్లో స్పీడు మార్చగలిగే ఫ్యాన్లు వేయించినప్పుడు పెద్దాయన మళ్లీ నాలుగూ ఆన్ చేయమన్నారు! నేను వాదించాను. ఆయన కాగితం మీద రాసి చూపించారు. ఫ్యాను లాగే కరెంటు దాని స్పీడు ఘనాన్ని (స్పీడు × స్పీడు × స్పీడు) బట్టి మారుతుంది. 80 శాతం స్పీడులో తిప్పితే కరెంటు సగానికి వస్తుంది. రెండు ఫ్యాన్లు ఫుల్‌లో తిరిగితే ఎంత గాలి వస్తుందో, నాలుగు ఫ్యాన్లు సగం స్పీడులో తిరిగినా అంతే గాలి. కరెంటు మాత్రం ఎనిమిది కిలోవాట్ల చోట కాగితం మీద రెండు. నిజంలో అంత తగ్గలేదు, మూడు దగ్గర ఆగింది. అయినా నోరు మూసుకున్నాను.

సెట్‌పాయింట్ (ఏసీకి పెట్టే డిగ్రీలు) పెంచే దగ్గర మాత్రం నా మాటే నెగ్గింది. 27 దాకా పెట్టొచ్చని రాశారు కదా అని ఆయన 27 పెట్టమన్నారు. నేను ఒక్కో డిగ్రీ పెంచుతూ హోస్టుల కరెంటు చూస్తూ పోయాను. 25 దాకా బాగానే ఉంది. అది దాటాక హోస్టుల్లోని చిన్న ఫ్యాన్లు స్పీడందుకున్నాయి, ఏసీలో మిగిలింది సర్వర్లలో పోవడం మొదలైంది. తమాషా ఏమిటంటే సర్వరు ఫ్యాన్ల ఖర్చు పీయూఈ లెక్కలో ఐటీ కిందకే వస్తుంది. 27 పెడితే పీయూఈ మెరుగైనట్టు కనిపిస్తుంది, మొత్తం బిల్లు పెరుగుతుంది. 24 దగ్గర ఆపాం. మీ సర్వర్లకు ఆ అంకె వేరే కావచ్చు, కొలుచుకోవాల్సిందే.

హోస్టుల దగ్గర ఇంకో చిన్న మతలబు పట్టుకున్నాం. హోస్టు మీద వీఎంలను నడిపే హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐలో పవర్ పాలసీ 'బ్యాలెన్స్‌డ్' అనే ఉంది, కానీ ఖాళీ హోస్టు కూడా ఏమాత్రం తగ్గకుండా లాగుతోంది. చూస్తే, సర్వరు ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌లో పవర్ ప్రొఫైల్ ఎప్పుడూ ఫుల్ పెర్ఫార్మెన్స్ మీద ఉంది. బయోస్ పగ్గాలు వదలకపోతే హైపర్‌వైజర్ చేసేదేమీ లేదు. దాన్ని ఓఎస్ కంట్రోల్‌కి మార్చితే ఖాళీ హోస్టు ఒక్కోటి నలభై వాట్ల దాకా తగ్గింది. డేటాబేస్ వాళ్లు స్లో అవుతుందని గొడవ చేశారు. వాళ్ల రెండు హోస్టులూ పాత సెట్టింగులోనే వదిలేశాను. నలభై వాట్ల కోసం రోజూ టెన్షన్ ఎందుకు?

డీపీఎం సంగతి. ప్రొడక్షన్ క్లస్టర్‌లో తీసేశాను. ఇరవై కిలోవాట్ల గదిలో అది రాత్రుళ్లు ఆదా చేసేది ఒక కిలోవాట్‌కి తక్కువే. దానికి బదులుగా నా ర్యాక్ లోడు ఎప్పుడెంతో తెలియకుండా పోతోంది. వందల హోస్టులు ఉన్నచోట లెక్క వేరేగా ఉంటుంది, నిజంగానే లాభం. మా దగ్గర టెస్ట్ క్లస్టర్‌లో మాత్రం ఉంచాను, అక్కడ రాత్రి ఎవరూ ఉండరు.

హోస్టులను నాలుగు ర్యాకులకు మూడేసి చొప్పున పంచేశాం. కేబుళ్లు పొడుగయ్యాయి, ఫోటోకి బాగుండవు. హెచ్ఏకి (హోస్టు పోతే దాని వీఎంలను వేరే హోస్టుల మీద లేపేది) రెండు హోస్టులు పోయినా తట్టుకునేలా ముందు చెప్పి ఉంచాను, ఇప్పుడు మూడు చేశాను. పోయేది హోస్టు కాదు, ర్యాక్ అని తెలిశాక ఆ అంకె అలాగే ఉండాలి. జంటగా పనిచేసే వీఎంలు ఒకే ర్యాక్‌లోకి చేరకుండా డీఆర్ఎస్‌కి గ్రూపులు కట్టి రూల్స్ రాశాను. వీసెంటర్ ఏ రెండు హోస్టుల మీద ఉండాలో కూడా రాసి, ఆ కాగితం గోడకు అంటించాను. పీడీయూలు 32 ఆంప్స్‌వి వేయించాం. పీడీయూ రీడింగులు ఇప్పుడు నిమిషానికోసారి రికార్డవుతాయి. ఏ మెయింటెనెన్స్‌కైనా నేను చూసేది అప్పటి అంకెను కాదు, గత ముప్పై రోజుల్లో ఎడమా కుడీ కలిపి ఒకే నిమిషంలో తాకిన గరిష్ఠాన్ని.

ఏసీలు ఆగిపోతే ఎంతసేపు ఉంటాం అన్నది మరో పాఠం. బ్యాటరీ ఇరవై నిమిషాలు వస్తుందని నిశ్చింతగా ఉండేవాళ్లం. కానీ యూపీఎస్ మీద ఉన్నవి సర్వర్లే, ఏసీలు కాదు. జనరేటరు పదిహేను సెకన్లలో అందుకుంటుంది, కంప్రెసరు మాత్రం మళ్లీ మొదలవ్వాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. ఒక ఆదివారం ముందే చెప్పి ఏసీలన్నీ ఆపి చూశాం. ర్యాక్ పైభాగం ఆరు నిమిషాల్లో 24 నుంచి 33కి వెళ్లింది. సర్వర్లు గదంతా పరుచుకుని ఉన్న రోజుల్లో ఇంత తొందరగా వేడెక్కేది కాదు. 2022 జూలై 19న బ్రిటన్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు లండన్‌లో గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్లకే చల్లబరిచే వ్యవస్థలు దెబ్బతిని సర్వీసులు ఆగాయి. మేమెంత? ఇప్పుడు సర్వరు ముందు గాలి 32 దాటితే టెస్ట్ వీఎంలు వాటంతటవే ఆగిపోయేలా, 35 దాటితే ఒక వరసలో మిగతావి ఆగేలా స్క్రిప్టు ఉంది. మొదట ఆగాల్సినవేవో ఒప్పించడానికి స్క్రిప్టు రాయడం కన్నా ఎక్కువ రోజులు పట్టింది. తన వీఎం ముఖ్యం కాదని ఎవరొప్పుకుంటారు?

పోయిన నెల మళ్లీ యూపీఎస్ మెయింటెనెన్స్ వచ్చింది. రాత్రి పన్నెండు, అదే ఎడమ లైను. టెస్ట్ క్లస్టర్‌లో డీపీఎం ఆపి, హోస్టులన్నీ లేపి ఉంచాను. బ్యాకప్‌లను నాలుగింటికి జరిపాను. పెద్దాయన కుర్చీ వేసుకుని కుడి పక్క పీడీయూల దగ్గరే కూర్చున్నారు. నేను కంట్రోల్ రూములో స్క్రీన్ ముందు, ఫోను స్పీకర్‌లో. లైను తీశారు.

"మొదటి ర్యాక్ పదకొండు" అన్నారు ఆయన.

"ఇక్కడా పదకొండే సార్."

"రెండోది పన్నెండు. మూడోది పది."

స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా నాలుగున్నరకు లైను తిరిగొచ్చేదాకా ఆయన ఐదు నిమిషాలకోసారి చదువుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను.